చెట్టునకు చట్టము కలదు, చెట్టు కొట్టువానికేది?

చెట్టును నాటువానిని లోకము పొగడును. చెట్టును కొట్టువానిని లోకము నిందించును. కాని పొగడువాని యింటికైనను, నిందించువాని యింటికైనను తలుపులు, ద్వారబంధములు, మంచపుకోళ్లు, నాగళ్లు ఎవరి చేతికష్టమున వచ్చినవో విచారించువారు అరుదు. 1950 మొదలు దేశమున వనమహోత్సవము జరుపుకొనుచున్నాము. 2015లో మన తెలంగాణమున హరితహారము ప్రారంభమైనది. నాటుటకు పండుగలు చేసితిమి, సంతోషమే. కాని నాటిన చెట్టు పెరిగి, ముదిరి, ఎండి, ఒరిగి, తీగెలకు తగిలి, పెనుగాలికి ఇంటిపై వంగినపుడు ప్రాణమునకు తెగించి దానినెక్కువాడొకడున్నాడు. వానికి పండుగ లేదు. పట్టికలో పేరు లేదు. పడినపుడు దిక్కు లేదు. వానినిగూర్చి నేడు మన చదువరులకు విన్నవింపదలచితిమి.

తిరుమలగిరి అడవి ప్రదేశము కాదు. సూర్యాపేట జిల్లాలో అడవి బహుస్వల్పము. ఇచ్చట ఆదిలాబాదు టేకు వనములు లేవు; దుంగలను నదిలో తేల్చు తెప్పలు లేవు. అయినను చెట్టు లేని ఊరు లేదు. చెలకగట్టున వేప, తుమ్మ. చెఱువుకట్టపై తాడి, ఈత. బాటప్రక్కన చింత, మఱ్ఱి, రావి. బంజరునిండ సర్కారు తుమ్మ. నీరు వచ్చి చెలక వరిమడియైనచోట గట్టుమీది చెట్టు నీడ రైతునకు నష్టముగ తోచును. ఇల్లు కట్టువానికి వాకిటి వేప అడ్డము. బాటను వెడల్పు చేయువారికి చింత అడ్డము. విద్యుత్తీగెకు కొమ్మ కొమ్మయు అడ్డమే. 2018లో తిరుమలగిరి పురపాలక సంఘమైనది. ఊరు పురమగుకొలది ఈ అడ్డములును పెరుగును. వీనినన్నిటిని తొలగించుటకు మనము పిలుచునది ఆ కూలివానినే.

వాని దినచర్యను చూడుడు. కోడికూతవేళకే మేస్త్రీ కబురు వచ్చును. వర్తకుడు ముందుదినమే చెట్టును చూచి, చుట్టుకొలత చేతితో కొలిచి, దుంగ ఎంత, కట్టె ఎంత అని మనసులో లెక్కగట్టి రైతుతో బేరము ముగించియుండును. మేస్త్రీకి చెట్టుకింతయని గుత్త. ఆ గుత్తలోనే మనుషుల కూలి, పెట్రోలు, ట్రాక్టరు కిరాయి అన్నియు ఇముడవలెను. కావున పని ఎంత త్వరగా ముగిసిన అంత మిగులు. ఎంత ఆలస్యమైన అంత నష్టము. తొందరయే ఈ వృత్తికి మొదటి శత్రువు. ఆ తొందర కూలివాని గుణమున పుట్టినది కాదు. గుత్త పద్ధతిలో పుట్టినది.

ఒకడు చెట్టెక్కును. ఇద్దరు ముగ్గురు క్రింద తాడు పట్టుదురు. ఒకడు మిషను పట్టును. తక్కినవారు, వారిలో స్త్రీలును ఉందురు, పడిన కొమ్మలను నఱికి, ఆకు దులిపి, మోపులు కట్టుదురు. ఎక్కువానికి కాళ్లకు చెప్పులుండవు. నడుమునకు ఒక తాడుండిన ఉండును, లేకున్న లేదు. తలకు చుట్టిన తువ్వాలయే వాని శిరస్త్రాణము. మధ్యాహ్నపు సద్దిమూట ఆ చెట్టు మొదటనే విప్పుకొందురు. ప్రొద్దు గ్రుంకువేళకు దుంగలు బండికెక్కి అడితికో, కోతమిల్లుకో, బొగ్గుబట్టీకో పోవును. కూలి డబ్బు చేతికి వచ్చును. కొన్ని దినములు మేస్త్రీ చేతిలోనే నిలిచిపోవును.

ఇది మొరటుపని, నేర్పక్కఱలేని పని యని తలచువారు పొరబడుచున్నారు. నిలువు చెట్టును తలచిన దిక్కునకు పడవేయుట సామాన్యము కాదు. మొదట చెట్టు వాలును చూడవలెను. ఏ వైపున కొమ్మల బరువు హెచ్చో, గాలి ఎటు వీచుచున్నదో, మొదట పుచ్చు కలదో లేదో చూడవలెను. పడవలసిన వైపున మ్రాను మందములో సుమారు నాలుగవ వంతు లోతున నోరుతెఱచినట్లు గంటు కొట్టవలెను. పిదప వెనుకవైపునుండి కోయవలెను. కాని రెండు కోతలును కలిసిపోరాదు. నడుమ మందములో పదియవ వంతైనను కొయ్య మిగిలియుండవలెను. తలుపునకు బందు ఎట్లో చెట్టునకు ఆ మిగిలిన కొయ్య అట్టిది. అది నిలిచియున్నంతవఱకు చెట్టు చెప్పిన మాట వినును. అది తెగినచో ఎటు పడునో ఎవరికిని తెలియదు. చెట్టు ఎత్తునకు రెండింతల దూరమువఱకు పనిలేని మనిషి ఉండరాదు. మన ఊళ్లలో అంత దూరమున పిల్లలును, పశువులును, వేడుకచూచు జనమును లేకుండ చెట్టు పడుట ఎంత అరుదో చదువరులే యెఱుగుదురు.

గొడ్డలియు, ఇద్దరు లాగు రంపమును పోయి పెట్రోలు మిషను వచ్చినది. ఒక దినపు పని ఒక గంటలో ముగియుచున్నది. కాని దాని గొలుసు క్షణమునకు ఇరువది మీటర్ల వేగముతో తిరుగును. పలక కొన దేనికైనను తగిలినచో మిషను వెనుకకు ఎగిరి పట్టినవాని ముఖమునకే వచ్చును. దాని చప్పుడు నూఱు డెసిబెలులకు మించును గనుక క్రిందివాని కేక పైవానికి వినబడదు. కొన్ని యేండ్లకు ఇంటివారి మాటయు వినబడదు. ఇన్నిటికిని మించినది తీగె. పచ్చికొమ్మలో విద్యుత్తు ప్రవహించును. సరఫరా నిలిపి, శాఖవారిచే ‘ఎల్‌.సీ.’ తీసుకొనిన పిదపనే తీగెదగ్గఱి కొమ్మను ముట్టవలెనని నియమము. ఇంటివాడు తొందరపడి, ‘ఒక్క కొమ్మయే గదా’ యని పిలిచినపుడు ఆ నియమము ఎవరికిని జ్ఞప్తికి రాదు.

ఇది మన దేశపు పేదరికమువలన మాత్రమే కలిగిన అపాయమని తలపవద్దు. సకల పరికరములు గల అమెరికాలో 2023లో చెట్లు కొట్టు పనివారిలో లక్షకు సుమారు 99 మంది పనిలోనే మరణించిరని ఆ దేశపు ప్రభుత్వ లెక్కలు చెప్పుచున్నవి. అన్ని వృత్తులవారిని కలిపి చూచిన లక్షకు మూడున్నర మాత్రమే. తలకు టోపి, కంటికి అద్దము, కాలికి కవచము, చేతికి శిక్షణము గలచోటనే స్థితి ఇట్లుండగా, తువ్వాల చుట్టుకొని ఎక్కువాని స్థితిని వేఱుగ చెప్పనేల? అచ్చట మరణమునకు లెక్కయైన కలదు. ఇచ్చట ‘చెట్టుపై నుండి పడి కూలి మృతి’ యని పత్రికలో రెండు పంక్తులు పడును. మఱునాటికి ఆ పత్రికలోనే పొట్లము కట్టబడును.

ఇప్పుడు ఆ చెఱువుకట్టపైనే తాడిచెట్టెక్కు మఱియొకనిని చూడుడు. గీతవృత్తివారు మోకు, ముస్తాదు ధరించి తరతరములుగ తాళ్లెక్కుచున్నారు, పడుచున్నారు, నడుములు విఱిగి మంచము పట్టుచున్నారు. వారు సహకార సంఘములు పెట్టుకొనిరి, పోరాడిరి, అడిగిరి. తత్ఫలముగ పడినవానికి ప్రభుత్వ సహాయము లభించుచున్నది. 2024 జూలై 14వ తేదీన రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డిగారు గీతకార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచము’ అను పరికరముల పంపిణీని ప్రారంభించిరి. ఇది యుక్తమైన పని. ఇంకను ప్రతి గ్రామమునకు, ప్రతి నడుమునకు చేరవలసిన పని. అయితే మా ప్రశ్న యిది: తాడిచెట్టెక్కి పడినవాడు కార్మికుడైనచో, ప్రక్కనున్న చింతచెట్టెక్కి పడినవాడు ఏమగును?

చట్టము ఈ భేదమును పాటింపలేదు. 1923లో చేయబడిన కార్మిక పరిహార చట్టమునకు గల రెండవ అనుబంధమును తీసి చూడుడు. పరిహారమునకు అర్హమైన వృత్తుల పట్టికలో తాళ్లు గీయుటయు, చెట్లు నఱకి దుంగలు చేయుటయు ఒక్క పంక్తిలోనే వ్రాయబడియున్నవి. నూఱేండ్లక్రిందటి పరాయి ప్రభుత్వపు చట్టకర్తలకు ఆ యిద్దరి అపాయమును ఒక్కటిగ తోచినది. ఆ చట్టమును 2020లో పార్లమెంటు చేసిన సాంఘిక భద్రతా స్మృతి తనలో కలుపుకొన్నది. ఇంకొక మేలును కలదు: వర్తకుడు తన వ్యాపారములో భాగమగు పనిని గుత్తదారునిచే చేయించినను పరిహారపు బాధ్యత వర్తకునిదే. గుత్తదారుని వెనుక దాగుటకు చట్టము చోటీయలేదు.

మఱి లోపమెక్కడ? రుజువులో నున్నది. కూలివాడు పడినపుడు, ‘నేను చెట్టునమ్మితిని, అంతే’ యని రైతు అనును. ‘నేను మేస్త్రీకి గుత్తకిచ్చితిని’ అని వర్తకుడనును. ‘నేనును కూలివాడనే’ యని మేస్త్రీ అనును. మేస్త్రీ మాట అబద్ధమును కాదు. ఒక కాగితముపైనను ఆ దినమున ఆ చెట్టుక్రింద ఎవరు పనిచేసిరో వ్రాసియుండదు. పెద్దమనుషులు కూర్చుండి ఎంతో కొంత ఇప్పించి పంచాయితీ ముగింతురు. ఇల్లు కట్టుకొనుటకు తన వాకిటి చెట్టు కొట్టించువానికి అది వ్యాపారము కాదు గనుక, అట్టిచోట చట్టపు బాధ్యతయు సన్నగిల్లును. ఆ విధవ ఎవరిపై అర్జీ పెట్టవలెను?

ఇక చెట్టు సంగతి చూడుడు. 2002 నాటి జల, భూమి, వృక్ష చట్టము ననుసరించి, మినహాయింపబడిన కొన్ని జాతులు తప్ప, తన పొలములోని చెట్టునైనను అనుమతి లేక కొట్టరాదు. చెట్టు ఏ జాతిది, ఎన్ని, ఎందుకు, ఎచ్చట అని అడుగుదురు; బదులుగ మొక్కలు నాటుమందురు. ఇది మంచి చట్టమే. ఇంకను గట్టిగ నమలు జరుగవలెనని కోరువారిలో మేమును ఉన్నాము. కాని ఆ కాగితమున చెట్టునకు పేరుండగా, ఆ చెట్టునెక్కు మనిషికి పేరు లేకపోవుట ఏమి ధర్మము?

ఈ పేరు లేకపోవుట నేడు పుట్టినది కాదు. మన ప్రాంతమున వెట్టిచాకిరి నాళ్లలో గడీకి వంటచెఱకు కొట్టి మోయుట, దొరకు కొయ్యసామాను చేసియిచ్చుట ఊరివారి విధియై యుండెను. ఆ పనికి వెలయే లేదు; వెల లేని పనికి లెక్కయేల? తిరుమలగిరికి సమీపమున కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగినది ఆ దొరతనమునెదిరించియే. కృష్ణకు ఆవలి యొడ్డున పల్నాటిలో అడవిలో పశువులను మేపుటకు పుల్లరి కట్టుమన్నందుకు ఎదిరించి 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణములర్పించెను. అదే యేట మన్యమున ప్రారంభమైన అల్లూరి సీతారామరాజు తిరుగుబాటునకు అడవి నిర్బంధములును, బాటపనులలో కూలి ఎగవేతయు కారణములైనవి. చెట్టును, చెట్టుక్రింది మనిషిని వేఱుచేసి చూచిన పాలనమును మన పెద్దలు ఎదిరించిరి. నేడు వెట్టి పోయినది, కూలి వచ్చినది. కాని వెట్టినాటి అనామకత్వము మాత్రము పోలేదు.

పేరు లేనివాని గతి ఎంతవఱకు పోవునో 2015 ఏప్రిల్‌ 7న శేషాచలపు అడవులలో చూచితిమి. ఎఱ్ఱచందనము కొట్టవచ్చిరని చెప్పబడిన 20 మంది తమిళ కూలీలు పోలీసు కాల్పులలో మరణించిరి. ఆ దుంగలను కొని ఓడలకెక్కించు వర్తకులు ఆ దినమున అడవిలో లేరు. గొడ్డలి పట్టినవాడే దొరకెను. గొడ్డలి పట్టించినవాడు దొరకలేదు. దొంగతనమును మేము సమర్థింపము. అపాయము కూలివానికి, లాభము కనబడని చేతికి పోవు ఏర్పాటును మాత్రము చూపుచున్నాము. చెలకగట్టున తుమ్మచెట్టు కొట్టు బేరములోను ఆ ఏర్పాటే చిన్నరూపమున కలదు.

‘చెట్లను నాశనము చేయువారికొఱకు ఇంత వాదమేల?’ యని కొందఱు అడుగవచ్చును. చెట్టు కొట్టవలెనని నిర్ణయించునది కూలివాడు కాదు, మనము. అంతేకాదు, తెలిసిన చేతిలో రంపము వైద్యుని కత్తివంటిది. పాలమూరు పిల్లలమఱ్ఱిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. కాకతీయుల గుళ్లుగల మన సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱి గ్రామము కాదు. సుమారు 700 ఏండ్ల వయస్సు గలదని చెప్పబడు మహబూబ్‌నగరపు మఱ్ఱిచెట్టు. చెదలు పట్టి, 2017 డిసెంబరులో ఒక పెద్దకొమ్మ విఱిగిపడగా, 2018లో అటవీశాఖవారు రోగికి నరములో మందెక్కించినట్లు సీసాలు వ్రేలాడదీసి చెదలమందును బొట్టు బొట్టుగ మ్రానులోనికి పంపిరి. బరువైన కొమ్మలకు ఊతలు కట్టిరి. ఆ చెట్టు నేటికిని నిలిచియున్నది.

2021 నుండి తెలంగాణమున వేపచెట్లు కొనలు మాడి ఎండినట్లగుట మనమందఱము చూచితిమి. అది శిలీంధ్రము వలని తెగులు. వేప చచ్చినదని భయపడి మొదలంట కొట్టించినవారును కలరు. ఓపిక పట్టినవారి చెట్లు పెక్కు మరల చిగిర్చినవి. ఎండుకొనలను ఎంతవఱకు కోయవలెనో, ఎప్పుడు ఆగవలెనో తెలిసిన పనివాడొకడు ఊరికున్నచో ఎన్ని వేపలు మిగిలెడివి! కూలివానికి విద్య నేర్పుట చెట్టునకును రక్ష. వానిని మొరటువానిగ నుంచుట చెట్టునకును చేటు.

కావున మా ప్రార్థన పెద్దది కాదు. మొదటిది: చెట్టు కొట్టుటకిచ్చు అనుమతి పత్రమున ఆ పనిచేయు మేస్త్రీ పేరు, కూలీల పేర్లు వ్రాయింపవలెను. ఆ ఒక్క పంక్తియే రేపు న్యాయస్థానమున సాక్ష్యమగును. రెండవది: పురపాలక సంఘమును, విద్యుత్‌ సంస్థయు, బాటల శాఖయు తమ గుత్తపత్రములలో భీమా, శిరస్త్రాణము, నడుముతాడు లేనివానిచే కొమ్మయైనను కొట్టింపరాదని వ్రాయవలెను. మూడవది: గీతవృత్తివారికి కవచము నిచ్చిన చేతితోనే చెట్లెక్కు ఈ కూలీలకును ఇచ్చి, అటవీశాఖవారిచే ఏటేట కొన్నిదినములు పని నేర్పింపవలెను. నాలుగవది: ఈ పనివారే సంఘముగ నేర్పడి, గుత్తను మేస్త్రీ ఒక్కని చేతిలో పెట్టక తామే పుచ్చుకొనవలెను. గీతవారు చేసిన దానిని వీరును చేయగలరు.

ఇవి జరుగువఱకు మనము చేయగలిగిన పనియు ఒకటి కలదు. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి సురక్షా భీమాకు 2022 జూన్‌ నుండి ఏడాదికి 20 రూపాయలు చందా. 18 మొదలు 70 ఏండ్ల వయసువాడు బ్యాంకులో ఖాతా ఉన్నచో చేరవచ్చును. ప్రమాదమున మరణించిన 2 లక్షల రూపాయలు ఇంటివారికి ముట్టును. ప్రాణమునకు ఇది వెల కాదు. కాని దినము గడువని ఇంటికి ఆసరా. ఈ సంగతి తెలియకయే పెక్కుమంది చేరలేదు. ‘చెట్టు కొట్టుటకు ఎంత పుచ్చుకొందువు?’ అని అడుగు ప్రతి గృహస్థుడును, ‘నీకు భీమా కలదా?’ అని కూడ అడుగవలెను. లేదన్నచో తోడు వెళ్లి బ్యాంకులో కాగితము నింపవలెను. చదువు వచ్చినవానికి అది అరగంట పని. పఠనమందిరమున పత్రిక చదివి లోకపు మంచిచెడ్డలు చర్చించు మనము మన వాకిటి వేపపై ఉన్నవాని మంచిచెడ్డలను చర్చింపకున్న ఆ చదువు ఎవరికొఱకు?

మృగశిరకార్తె ముందు గాలివానలు వచ్చును. తీగెలపై కొమ్మలు పడును, ఊరు చీకటగును, అందఱును ఆ కూలివాని ఇల్లు వెదకుకొని పోవుదురు. వాని పేరు అప్పుడు మాత్రమే జ్ఞప్తికి రాక, అంతకుముందే పురపాలక సంఘపు పట్టికలో ఎక్కియుండవలెను. చెట్టునకు చట్టమిచ్చిన ప్రభుత్వము, చెట్టుక్రింది మనిషికి ఒక పంక్తి నీయలేదా?